నీళ్లు కొట్టాలా, ఆగాలా: రసాయనాల ఒలుకు ముందు తేలని వాదం

2024 సెప్టెంబరు 29, ఆదివారం తెల్లవారుజాము. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కాన్యర్స్ అనే చిన్న పట్టణం మీద ఘాటైన పొగమబ్బు లేచింది. ఈతకొలనుల శుద్ధికి వాడే రసాయనాలను నిల్వచేసే బయోల్యాబ్ గోదాము నుంచి వచ్చిందది. మంటలొస్తే ఆర్పాలని కప్పుకు బిగించిన స్ప్రింక్లర్ పాడై, ఆ నీళ్లు రసాయనం మీద పడటమే కారణమని స్థానిక అధికారులు తొలుత ప్రకటించారు. దాదాపు 17 వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. సుమారు 90 వేల మందిని తలుపులు, కిటికీలు బిగించుకుని లోపలే ఉండమన్నారు.

ఆ రసాయనం పేరు ట్రైక్లోరోఐసోసయన్యూరిక్ యాసిడ్. కొలను నిండా నీళ్లుంటే అది నెమ్మదిగా కరిగి క్రిములను చంపుతుంది. అదే గోదాములో గుట్టగా ఉన్నప్పుడు కాసిన్ని నీళ్లు తగిలితే వేడెక్కి, విడిపోయి, క్లోరిన్ కక్కుతుంది. ఇదే సంస్థకు లూసియానాలోని లేక్ చార్లెస్‌లో ఉన్న కర్మాగారం కప్పును 2020 ఆగస్టులో లారా తుపాను ఎగరగొట్టింది. వాన నీరు లోపల పడి ఇదే కథ నడిచింది. పక్కనున్న జాతీయ రహదారిని ఒక రోజుకు పైగా మూసేశారు.

నిప్పుకు విరుగుడు నీళ్లని పసిపిల్లలకూ తెలుసు. ఆ తెలిసిన సంగతే తప్పయ్యే చోట ఏం చేయాలన్నదాని మీద యాభై ఏళ్లుగా వాదం సాగుతోంది. మొదట్లో అది కెమిస్టులకూ అగ్నిమాపక సిబ్బందికీ మధ్య చర్చ. తర్వాత పర్యావరణవేత్తలు చేరారు, ఆపైన న్యాయస్థానాలు, బీమా సంస్థలు, ఇప్పుడు బ్యాటరీలు తయారుచేసేవారు. ఒకరి జవాబు ఇంకొకరికి కొత్త ప్రశ్నగా మారడంతో చిక్కుముడి పెరిగింది. పైకి ఇది రసాయన శాస్త్రం గురించిన తగాదాలా కనిపిస్తుంది. ఘటనలను ఒక్కొక్కటిగా తిరగేస్తే మాత్రం తగాదా ఎక్కువగా సమాచారం గురించేనని తేలుతుంది. గొట్టం పట్టుకున్న మనిషికి తొలి అరగంటలో ఏం తెలుసు, ఎవరు చెప్పారు, చెప్పింది నిజమా అన్నవే అసలు మెలికలు.

ఒకే డ్రమ్ములో మూడు గొడవలు

మందుల పరిశ్రమలో విరివిగా వాడే ట్రైమిథైల్‌క్లోరోసిలేన్‌ను తీసుకుందాం. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ కుటుంబాల యాంటీబయాటిక్‌ల తయారీలో దీనికి పని ఉంది. 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగిపోతుంది. సున్నాకు బాగా దిగువన కూడా దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఇది మొదటి గొడవ. చర్మాన్ని, కళ్లను, ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఇది రెండోది. నీరు తగిలితే, చివరికి గాలిలోని తేమ తగిలినా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును విడుదల చేస్తుంది. ఇది మూడోది.

లెక్క వేస్తే తీవ్రత తెలుస్తుంది. ఈ ద్రవం 170 కిలోలున్న ఒక డ్రమ్ము మొత్తం నీటితో చర్య జరిపితే 57 కిలోల హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. గాలిలో పది లక్షల వంతుల్లో 50 వంతులుంటేనే ప్రాణానికి ముప్పని అమెరికా వృత్తి ఆరోగ్య ప్రమాణాలు చెప్పే వాయువు ఇది. చర్య అంతా ముగిశాక మిగిలేది హెక్సామిథైల్‌డైసిలోక్సేన్, అదీ మండే ద్రవమే. నీటి మీద తేలుతుంది. కాబట్టి ‘బాగా నీళ్లు కొట్టి కడిగేశాం’ అనుకున్న చోట, మురుగు కాలువలో యాసిడ్ నీళ్ల మీద మంటకు సిద్ధంగా ఉన్న నూనె తెట్టె పయనిస్తూ ఉండొచ్చు.

అన్నీ ఇలాగే ప్రవర్తించవు, అసలు చిక్కు అక్కడే ఉంది. సిలికాన్ టెట్రాక్లోరైడ్ మండదు. కానీ కిలోకు దాదాపు 860 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ ఇస్తుంది. థయోనిల్ క్లోరైడ్ నీటితో కలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్‌తో పాటు సల్ఫర్ డయాక్సైడ్ కూడా వస్తుంది. ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ మరీ జిత్తులమారి. నీటికంటే బరువైనది కనుక అడుగున పొరలా కూర్చుంటుంది. కాసేపు ఏమీ జరగనట్టే ఉండి, ఒక్కసారిగా ఉధృతంగా మరుగుతుంది. సోడియం లోహం హైడ్రోజన్‌ను విడుదల చేసి, తన వేడితోనే దాన్ని అంటిస్తుంది. ‘నీటితో చర్య జరిపేవి’ అనే ఒక్క ముద్ర కింద ఇన్ని స్వభావాలున్నాయి.

సిబ్బంది ఒంటి మీది దుస్తులకూ ఈ తగాదా పాకింది. వాయువు చొరని పూర్తి రసాయన రక్షణ సూటు యాసిడ్ ఆవిరిని ఆపుతుంది, కానీ భగ్గుమనే మంటకు తట్టుకోదు. మంటల్లోకి వెళ్లేందుకు వేసుకునే మందపాటి కోటు వేడిని ఆపుతుంది, కానీ హైడ్రోజన్ క్లోరైడ్ మెడ దగ్గరో మణికట్టు దగ్గరో లోపలికి దూరి చెమటలో కరుగుతుంది. మండే గుణం, తినేసే గుణం రెండూ ఉన్న ద్రవం ముందు ఏ దుస్తులు వేసుకున్నా సగం రక్షణే.

పాత పాఠాలు

1970ల దాకా ప్రపంచమంతటా ఫైర్ సిబ్బంది తీరు ఒక్కటే: త్వరగా చేరు, దగ్గరికి వెళ్లు, నీళ్లు కొట్టు. ఇళ్లు, గడ్డివాములు తగలబడినప్పుడు అది సరైన పద్ధతే. రైలు ట్యాంకర్లు, రసాయన లారీలు పెరిగాక అదే తీరు వారి ప్రాణాలు తీసింది. లండన్ ఫైర్ బ్రిగేడ్ అప్పట్లో హాజ్‌కెమ్ అనే సంకేత పద్ధతికి రూపమిచ్చింది. ట్యాంకర్ వెనక పలక మీద ఒక అంకె, ఒకటి రెండు అక్షరాలు, అంతే. అంకె ఆర్పే పదార్థాన్ని చెబుతుంది. ‘4’ ఉంటే పొడి పదార్థమే వాడాలి, నీటిని దగ్గరికి రానీయొద్దు. ఐరోపా రోడ్ల మీద నారింజ పలకల్లో ప్రమాద సంఖ్యకు ముందు ‘ఎక్స్’ అక్షరం ఉంటే నీటితో ప్రమాదకరంగా చర్య జరుపుతుందని అర్థం. ట్రైమిథైల్‌క్లోరోసిలేన్ పలక మీద ఎక్స్338 అని ఉంటుంది. అమెరికా కర్మాగారాల గోడల మీద కనిపించే నాలుగు రంగుల వజ్రాకారంలో, తెల్లగడిలో కొట్టేసిన డబ్ల్యూ అక్షరం చెప్పేదీ అదే.

1971లో అమెరికా రసాయన పరిశ్రమ కెమ్‌ట్రెక్ పేరుతో రాత్రీపగలూ పనిచేసే టెలిఫోన్ సహాయ కేంద్రం పెట్టింది. ఆ దశాబ్దంలోనే అక్కడి రవాణా శాఖ తొలి మార్గదర్శి పుస్తకాలు వెలువడ్డాయి. అవే ఎదిగి 1996లో అమెరికా, కెనడా, మెక్సికోల ఉమ్మడి ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ గైడ్‌బుక్’ అయ్యాయి. నాలుగేళ్లకోసారి దాన్ని సవరిస్తారు. ఫైరింజన్ క్యాబిన్‌లో ఉండే ఈ పుస్తకం తొలి నిమిషాల కోసమే. ఆ తర్వాత నిపుణులు రావాలన్నది దాని ఆలోచన.

ఆలోచనలో అసలు మలుపు తెచ్చింది లడ్విగ్ బెన్నర్. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డులో పనిచేసిన ఆయన 1970ల మధ్యలో ‘డిసైడ్’ అనే ఆరు మెట్ల పద్ధతిని ప్రతిపాదించారు. అందులో రెండో మెట్టు అప్పటి సిబ్బందికి మింగుడుపడలేదు. మనం అసలు జోక్యమే చేసుకోకపోతే ఎంత నష్టం జరుగుతుందో ముందు అంచనా వేయమన్నారాయన. చేతులు కట్టుకుని నిలబడటం కూడా ఒక నిర్ణయమేనని వృత్తిపరంగా ఒప్పించే ప్రయత్నమిది. తర్వాత వచ్చిన వాదాలన్నీ ఏదో రూపంలో ఆ ప్రశ్నకే జవాబులు వెతికాయి.

1974 ఏప్రిల్‌లో షికాగో ఓడరేవు ప్రాంతంలోని ఒక నిల్వ కేంద్రంలో సిలికాన్ టెట్రాక్లోరైడ్ ట్యాంకు కారడం మొదలైంది. గాలిలో తేమ, దానికి తోడు వాన. హైడ్రోజన్ క్లోరైడ్ మబ్బు మైళ్ల పొడవున సాగింది. వేల మందిని తరలించాల్సి వచ్చింది. నురుగు, నూనె, సున్నం అన్నీ ప్రయోగించారు. చివరికి కాంక్రీటుతో కప్పిపెట్టారు. రోజుల తరబడి సాగిన ఆ పాట్లను చదివితే, అప్పటికి ఎవరి దగ్గరా పద్ధతి లేదని తెలిసిపోతుంది.

పదేళ్లకు భోపాల్. 1984 డిసెంబరు 2 రాత్రి మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీరు చేరడంతో మొదలైన చర్య వేల ప్రాణాలు తీసింది. ప్రమాదానికి మూలం నీరు, అడ్డుకోవడానికి చివరి ఆశా నీరే. గొట్టాలతో నీటి తెర కట్టి వాయువును కరిగించాలని సిబ్బంది ప్రయత్నించారు. వాయువు బయటికొస్తున్న గొట్టం ఎత్తుకు ఆ ధార అందలేదు. ఏడాది తిరిగి రెండు రోజులైనా కాకముందే, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలోని శ్రీరామ్ సంస్థ కర్మాగారం నుంచి ఓలియం లీకైంది. అందులోని సల్ఫర్ ట్రయాక్సైడ్ గాలి తేమతో కలిసి సల్ఫ్యూరిక్ యాసిడ్ పొగమంచుగా మారుతుంది. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1986లో ‘సంపూర్ణ బాధ్యత’ సూత్రాన్ని నిలబెట్టింది ఈ ఘటన మీదే. ప్రమాదకర పదార్థంతో వ్యాపారం చేసేవాడు, ఏ మినహాయింపూ అడగకుండా, జరిగిన హానికి పరిహారం ఇవ్వాల్సిందేనంది.

వద్దనేవారు, కావాలనేవారు

మొదటి పక్షం మాట సూటిగా ఉంటుంది. నీటితో చర్య జరిపేదాని దగ్గరికి నీటిని తేవద్దు. పొడి ఇసుక, పొడి రసాయనం, లోహపు మంటలకైతే ఉప్పు ఆధారిత పొడులు వాడండి. మన దేశంలో సోడియం మంటలకు టీఈసీ పొడి అనే క్లోరైడ్ల మిశ్రమం వాడుకలో ఉంది. చిన్న ఒలుకులకు ఈ వాదం తిరుగులేనిది. ఒక డ్రమ్ముకు ఇసుక చాలు. ఇరవై టన్నుల ట్యాంకర్ తిరగబడితే అంత ఇసుక ఎవరు తెస్తారు, ఎవరు దగ్గరికెళ్లి పోస్తారు? 1993 అక్టోబరులో మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో సోడియం మంటను ఉప్పుతో ఆర్పబోయిన సిబ్బంది పేలుడులో తీవ్రంగా కాలిపోయారు. పొడి పద్ధతి మనిషిని ప్రమాదానికి బారెడు దూరంలో నిలబెడుతుంది. ‘పొడి’ అనుకున్న పారకో ఉప్పుకో కాస్త తేమ ఉన్నా లెక్క తారుమారవుతుంది.

రెండో పక్షం నీటిని పూర్తిగా వదులుకోదు, ఎక్కడ కొట్టాలన్నదే మారుస్తుంది. ద్రవం మీద కాకుండా, గాలివాలులో, సన్నటి తుంపరల తెరగా కట్టాలంటుంది. హైడ్రోజన్ క్లోరైడ్ నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి మబ్బు ఊరి మీదికి పోకుండా కొంత ఆపొచ్చు. పక్క ట్యాంకులు వేడెక్కకుండా చల్లార్చడానికీ నీరే దిక్కు. గైడ్‌బుక్‌లోని 155వ నంబరు మార్గదర్శి చూడండి. ట్రైమిథైల్‌క్లోరోసిలేన్ లాంటి క్లోరోసిలేన్ల మంటకు నీరు వాడొద్దని ఒకచోట ఉంటుంది. ఆవిరిని తగ్గించడానికి నీటి తుంపర వాడమని, కానీ అది ఒలికిన చోటో పాత్రలోనో పడకూడదని ఇంకోచోట ఉంటుంది. రెండూ సరైనవే. చీకట్లో, గాలి దిక్కు మారుతుంటే, గొట్టం ఒత్తిడికి ఊగుతుంటే ఆ రెండు వాక్యాల మధ్య గీత ఎంత సన్ననిదో ఆ పనిలో ఉన్నవారికే తెలియాలి.

మూడో పక్షానిది నురుగు. క్లోరోసిలేన్ తయారీదారులు తమ పరీక్షల తర్వాత సిఫారసు చేసింది ఆల్కహాల్‌ను తట్టుకునే, మధ్యస్థంగా ఉబ్బే నురుగును. వినడానికి వింతే, నురుగులో తొంభై శాతానికి పైగా నీరే. అయితే ఆ నీరు బుడగల్లోంచి నెమ్మదిగా దిగుతుంది. తొలి క్షణాల్లో పొగ ఎక్కువైనా, తర్వాత పైన పొర కట్టి ఆవిరిని అణుస్తుంది. నీరు వద్దన్న పదార్థానికి నీటితో చేసిన దుప్పటి కప్పడమన్నమాట. చూసినవారికి తొలి నిమిషంలో పరిస్థితి విషమించినట్టే కనిపిస్తుంది కనుక, ముందే తెలియని అధికారి అక్కడే ఆపేయమనే అవకాశం ఉంది.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా పదార్థంలోకంటే పరిమాణంలో, దూరంలో కనిపిస్తుంది. డ్రమ్ము, మూసిన గది, శిక్షణ పొందిన నలుగురు ఉన్న చోట పొడి పద్ధతి గెలుస్తుంది. ట్యాంకర్, మండే ఆవిరి, చేతికందే నురుగు నిల్వ ఉన్న చోట మూడోది మేలు. రెండోది ఎక్కడైనా తోడుగా పనికొస్తుంది, ఒంటరిగా ఏ ఒలుకునూ ఆపలేదు. గైడ్‌బుక్ కూడా 208 లీటర్ల లోపు చిన్న ఒలుకు, ఆ పైన పెద్ద ఒలుకు అని గీత గీస్తుంది. నీటిలో పడితే విషవాయువు ఇచ్చే పదార్థాలకు దూరాలు వేరుగా చెబుతుంది.

కాలిపోనివ్వడం

బెన్నర్ ప్రశ్నకు అతి సూటి జవాబు ఇది: అంటుకున్నదాన్ని మంటే తినేయనీ. ఈ పక్షానికి బలమిచ్చింది ఓ నది. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర సాండోజ్ సంస్థ గోదాము తగలబడింది. లోపల 1,300 టన్నులకు పైగా వ్యవసాయ రసాయనాలు. పది వేల ఘనపు మీటర్లకు పైగా నీళ్లు కొట్టి ఆర్పారు. ఆ నీటితో పాటు సుమారు 30 టన్నుల పురుగుమందులు రైన్ నదిలోకి పోయాయి. నది ఎర్రబారింది. వందల కిలోమీటర్ల మేర చేపలు, ముఖ్యంగా ఈల్స్, చచ్చి తేలాయి. మంట ఆరింది, నది పోయింది. ఆర్పిన నీటిని పట్టి ఉంచే తొట్లు, గుంటలు కర్మాగారాల్లో తప్పనిసరి చేసే ఆలోచన ఐరోపాలో ఊపందుకున్నది అక్కడినుంచే.

2017లో హార్వీ తుపాను వరదలో టెక్సాస్‌లోని క్రాస్బీలో ఆర్కెమా కర్మాగారానికి కరెంటు పోయింది. చల్లగా ఉంచాల్సిన సేంద్రియ పెరాక్సైడ్లు ఇక తమంతట తామే మండుతాయని తేలింది. ఒకటిన్నర మైళ్ల మేర జనాన్ని ఖాళీ చేయించి, అవి ఉన్న ట్రెయిలర్లు కొన్ని కాలేదాకా ఆగారు. మిగిలినవాటిని సెప్టెంబరు 3న తామే అంటించారు. దారిలో పొగ తగిలిన పోలీసులు సహా 21 మంది వైద్యసాయం కోరారు.

ఆగడమే మంచిదనే వాదానికి మరింత గట్టి సాక్ష్యం చైనాలోని తియాంజిన్. 2015 ఆగస్టు 12న ఓడరేవు గోదాములో మంటలు లేస్తే సిబ్బంది ముందుకెళ్లారు. అక్కడ ఏముందో వారికి సరిగా చెప్పినవారు లేరు. రెండు పేలుళ్లలో చనిపోయిన 165 మందిలో 99 మంది అగ్నిమాపక సిబ్బందే. కాల్షియం కార్బైడ్ మీద నీళ్లు పడటమే కారణమని మొదట ఊహాగానాలు నడిచాయి. తడి ఆరిన నైట్రోసెల్యులోజ్ తనంతట అంటుకుని, చివరికి అమ్మోనియం నైట్రేట్ పేలిందని ప్రభుత్వ దర్యాప్తు తేల్చింది. నీళ్లు దోషి కాకపోయినా, ఏం కాలుతుందో తెలియకుండా దగ్గరికి పంపిన నిర్ణయం దోషం నుంచి తప్పించుకోలేదు.

అయితే ‘కాల్చేయడం’ కూడా అందరి నోరూ మూయించే మంత్రం కాదు. 2023 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ పాలస్తీన్‌లో రైలు పట్టాలు తప్పింది. వినైల్ క్లోరైడ్ ఉన్న అయిదు ట్యాంకర్లకు రంధ్రాలు చేసి తగలబెట్టారు. లోపల పాలిమరీకరణ మొదలైందని, పేలిపోతాయని భయం. ఆ అవసరమే లేదని, రసాయనం తయారీదారు నిపుణుల అభిప్రాయం నిర్ణయం తీసుకునే అధికారి చెవిన పడలేదని జాతీయ రవాణా భద్రతా బోర్డు 2024లో తేల్చింది. సరైన సమాచారం కొద్ది గజాల దూరంలోనే ఉంది.

పరుగా, మూసిన తలుపా

జనాన్ని తరలించాలా, లోపలే ఉంచాలా అన్నది పక్క వాదం. 1976 మే నెలలో హ్యూస్టన్‌లో అమ్మోనియా ట్యాంకర్ ప్రమాదం ఈ చర్చలో ఇప్పటికీ ఉదాహరణే. బయట, కార్లలో ఉన్నవారు దెబ్బతిన్నారు. దగ్గరలోని భవనాల్లో తలుపులు మూసుకున్నవారు చాలావరకు తప్పించుకున్నారు. కొద్ది నిమిషాల మబ్బుకు మూసిన గది మేలు. గంటల తరబడి కారే లీకుకు గది కూడా మెల్లగా నిండిపోతుంది. నీటితో చర్య జరిపే పదార్థాల విషయంలో లీకు ఎంతసేపు సాగుతుందో ముందే చెప్పడం కష్టం. వాన వస్తే మళ్లీ మొదలవుతుంది. అందుకే కాన్యర్స్‌లో దగ్గరివారికి తరలింపు, దూరపువారికి తలుపుల మూత, రెండూ కలిపి వాడారు.

సున్నం చల్లితే తీరుతుందా

ఒలుకు ఆగాక శుభ్రపరిచే దశ గురించి తక్కువ రాస్తారు. యాసిడ్ కదా, సున్నమో సోడా పొడో చల్లితే చాలన్నది వాడుక నమ్మకం. చాలా వాటికి పనిచేస్తుంది కూడా, చర్య వేడిని అదుపులో ఉంచితే. కానీ సౌర ఫలకాలకు కావాల్సిన పాలీసిలికాన్‌కు మూలమైన ట్రైక్లోరోసిలేన్‌లో సిలికాన్‌కు నేరుగా అతుక్కున్న హైడ్రోజన్ ఉంది. క్షారం తగిలితే అది హైడ్రోజన్ వాయువుగా బయటికొస్తుంది. ఇల్లినాయ్ రాష్ట్రం వాకీగన్‌లో 2019 మే 3న ఒక సిలికోన్ కర్మాగారంలో ఇలాంటి సిలికాన్-హైడ్రోజన్ పదార్థం క్షారంతో కలిసి హైడ్రోజన్ వెలువడి పేలింది. నలుగురు చనిపోయారు.

జపాన్‌లోని యొక్కయిచిలో 2014 జనవరి 9న జరిగింది ఇంకా కలవరపెడుతుంది. మిత్సుబిషి మెటీరియల్స్ కర్మాగారంలో ఒక ఉష్ణ వినిమయ పరికరాన్ని శుభ్రం చేసేందుకు విప్పారు. లోపల పేరుకున్న క్లోరోసిలేన్ పాలిమర్లు తేమతో చర్య జరిపి, పొడిబారాక తాకితే పేలే పదార్థంగా మారాయి. అయిదుగురు చనిపోయారు. ప్రమాదం తగ్గించడానికి చేసిన పనే కొత్త ప్రమాదాన్ని తయారుచేసింది. శుభ్రపరచడం కూడా అత్యవసర స్పందనలో భాగమేనని వాదించేవారు దీన్నే చూపిస్తారు.

కాగితం ఎవరి చేతిలో ఉంది

సమాచారం దాచడానికి పరిశ్రమలకు కారణాలున్నాయి: వ్యాపార రహస్యం, విద్రోహ భయం, పరువు. జపాన్‌లోని మొంజు అణు రియాక్టర్‌లో 1995 డిసెంబరులో సోడియం లీకైనప్పుడు జరిగిన నష్టం కంటే, లీకు దృశ్యాల వీడియోను నిర్వాహకులు దాచడమే ప్రజల నమ్మకాన్ని ఎక్కువ దెబ్బతీసింది. చట్టాలు సాధారణంగా ప్రమాదకర రసాయనాల జాబితా రాసి, ఇంత పరిమాణం దాటితే ఇవి చేయాలంటాయి. అమెరికా రసాయన భద్రతా బోర్డు 2002 నివేదిక ఈ పద్ధతికి పెద్ద గండి కొట్టింది. 1980 నుంచి 2001 దాకా 167 తీవ్ర చర్యా ప్రమాదాలను, 108 మరణాలను పరిశీలిస్తే, సగానికి పైగా ఘటనల్లోని రసాయనాలు ఆ జాబితాల్లోనే లేవు. పదార్థం పేరును బట్టి కాక, అది దేనితో కలిస్తే ఏం చేస్తుందన్నదాన్ని బట్టి నియంత్రించాలని బోర్డు కోరింది. పరిశ్రమ అది అమలుకు అందని కోరిక అంది. ఆ సిఫారసు ఇప్పటికీ పూర్తిగా అమలు కాలేదు.

మన దేశంలో 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు కర్మాగారం లోపలి అత్యవసర ప్రణాళికను యజమానికి, బయటి ప్రణాళికను జిల్లా యంత్రాంగానికి అప్పజెప్పాయి. 1996 నిబంధనలు కేంద్రం నుంచి స్థానిక స్థాయి దాకా నాలుగంచెల సంక్షోభ బృందాలను ఏర్పరిచాయి. ట్యాంకర్ల వెనక హాజ్‌కెమ్ సంకేతం, యూఎన్ సంఖ్య, అత్యవసర ఫోన్ నంబరు రాయాలని మోటారు వాహనాల నిబంధనలున్నాయి. కాగితం మీద లోటు తక్కువ. నిల్వ పరిమితులకు లోబడి పదీ ఇరవై డ్రమ్ములతో నడిచే చిన్న యూనిట్లు మాత్రం పూర్తి స్థాయి ప్రణాళికల పరిధికి బయటే ఉంటాయి.

తెలుగు నేలకు ఇది దూరపు సంగతి కాదు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం, చౌటుప్పల్ ఒకవైపు, పరవాడ, అచ్యుతాపురం మరోవైపు. ముడి ఔషధాల తయారీకి ఈ బెల్టు పేరుపొందింది. థయోనిల్ క్లోరైడ్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్, సోడియం హైడ్రైడ్, బ్యూటైల్ లిథియం వంటివి ఇలాంటి తయారీలో రోజువారీ సరుకు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా కర్మాగారంలో ఎంటీబీఈ అనే సాల్వెంట్ లీకై ఆవిరి పేలి 17 మంది చనిపోయారు. అది మండే గుణం ఒక్కటే ఉన్న ద్రవం. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకై 12 మందిని బలిగొన్న స్టైరీన్ కూడా నీటితో చర్య జరిపేది కాదు. కానీ రాష్ట్ర ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన ఒక లోపం ఏ రసాయనానికైనా వర్తిస్తుంది: ఎల్జీ పాలిమర్స్ ఆవరణలో సైరన్ మోగించే చోట్లు 36 ఉన్నా, ఆ తెల్లవారుజామున సైరన్ మోగలేదు. నిద్రలో ఉన్న ఊరికి పరుగెత్తాలో, తలుపు వేసుకోవాలో చెప్పినవారు లేరు.

తేలకుండా మిగిలినవి

నురుగు వాదం మళ్లీ తెరుచుకుంది. క్లోరోసిలేన్ మీద పనిచేస్తుందని నమ్మకం కుదిరిన నురుగుల్లో ఫ్లోరిన్ ఆధారిత పీఫాస్ రసాయనాలున్నాయి. అవి నేలలో, నీటిలో, మనిషి రక్తంలో ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. ఐరోపా సమాఖ్య వీటిని అగ్నిమాపక నురుగుల నుంచి దశలవారీగా తప్పించే నిబంధనను 2025లో తెచ్చింది. ఫ్లోరిన్ లేని నురుగులు పెట్రోలు మంటలకు చాలావరకు కుదురుకుంటున్నాయి. నీటితో చర్య జరిపే ద్రవాల మీద బుడగ ఎంతసేపు నిలుస్తుంది, నీటిని ఎంత వేగంగా వదులుతుంది అన్నది ఒక్కో నురుగుకు వేరు. పాత పరీక్షల ఫలితాలను వాటికి అరువివ్వడం కుదరదు. ప్రమాదానికి పీఫాస్ వాడితే నేల పాడవుతుంది, వాడకపోతే ఊరు ప్రమాదంలో పడొచ్చు. ఎవరి నష్టాన్ని ముందు లెక్కించాలన్న దాని మీద పర్యావరణ శాఖలకూ అగ్నిమాపక శాఖలకూ ఇంకా రాజీ కుదరలేదు.

ఆర్పిన నీటిని పట్టి ఉంచే గుంటలు ఎంత పెద్దవి కావాలన్నదీ అంతే. స్థలం కరువైన పారిశ్రామిక వాడల్లో సాండోజ్ పాఠం చెప్పినంత గుంట తవ్వితే ప్లాంటుకు చోటు మిగలదు. కెమికల్ సూటుకూ ఫైర్ కోటుకూ మధ్య ఖాళీని పూరించే దుస్తులు ఇప్పటికీ రాజీలే: ఒకదాన్ని మరోదాని మీద తొడిగితే వేడికి మనిషే కూలిపోతాడు. రిమోట్‌తో నడిచే నీటి ఫిరంగులు, రోబోలు కొన్ని చోట్ల మనిషిని ప్రమాదానికి దూరంగా ఉంచుతున్నాయి. వాటి ధర చిన్న పట్టణపు ఫైర్ స్టేషన్‌కు అందేలా లేదు.

అన్నిటికంటే వేగంగా పెరుగుతున్న ప్రశ్న బ్యాటరీలది. 2024 జూన్ 24న దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్‌లో అరిసెల్ కర్మాగారంలో లిథియం ప్రాథమిక బ్యాటరీలు తగలబడి 23 మంది చనిపోయారు. లిథియం లోహంతో పాటు థయోనిల్ క్లోరైడ్ ఉండే రకాలవి, అంటే మండే గుణం, తినేసే గుణం, నీటితో చర్య మూడూ ఒకే చిన్న డబ్బాలో. మన ఫోన్లలో, స్కూటర్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీల సలహా మాత్రం తలకిందులు: పుష్కలంగా నీళ్లు కొట్టి చల్లార్చమంటారు. రెండు రకాల పెట్టెల మీదా రవాణా కోసం అతికించే తొమ్మిదో తరగతి బ్యాటరీ గుర్తు ఒకటే. తేడా చెప్పేది పక్కనుండే యూఎన్ సంఖ్య: లోహపు లిథియం అయితే 3090, అయాన్ రకం అయితే 3480.